ఫ్యాను గాలికి ఎగిరిన జెండా

ఔట్‌పోస్టు జెట్టీ,
లాంచీ మీద నుంచి

దర్జీ వదినకి,

ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెడదామనుకున్నాను. కానీ అది అబద్ధం. నీకు అబద్ధం రాస్తే చేతిరాత చూసే పట్టేస్తావు. అందుకని సూటిగానే చెప్తున్నాను, నాకు ఒళ్లు మండిపోతోంది.

మా లాంచీ మాస్టు కొసన ఎగిరే పొడుగు జెండా నీకు తెలుసు కదా. తెలియకపోవడమేంటి, నువ్వు కుట్టి కుట్టి వేళ్లు కాయలు కట్టించుకున్నదే. జానెడు వెడల్పుతో మొదలై, సన్నబడుతూ సన్నబడుతూ గాల్లోకి పాకే ఆ గుడ్డని ఆఫీసు కాగితాల్లో కమిషను పెన్నెంటు అంటారు. మావాళ్లు మాత్రం తోక జెండా అంటారు. అది పైన ఉంటేనే మా లాంచీ ప్రభుత్వ కొలువులో ఉన్నట్టు. అది లేకపోతే మేం కూడా సముద్రం మీదికి షికారుకొచ్చినవాళ్లమే. దొంగ వలలు వేసేవాణ్ణి ఆగమనే హక్కు మాకు ఉండదు. పగలైనా రాత్రైనా, వానైనా ఎండైనా అది దిగకూడదు. మార్చాల్సి వస్తే కొత్తది పైకెళ్లాకే పాతది దించాలి. నేను ఈ లాంచీకి కమాండరుగా వచ్చినప్పుడు నాకు మొట్టమొదట చెప్పిన రూలు ఇదే.

మరి ఈ మధ్య మీ స్టోర్సు నుంచి వస్తున్న జెండాలు నువ్వు చూశావా? తళతళలాడుతూ వస్తాయి. ఎక్కించిన వారానికల్లా తోక పీలికలైపోతుంది. కొత్తది పంపమని సప్లై విభాగానికి రాశాను. పాతది అప్పగిస్తేనే కొత్తది ఇస్తామని ఇప్పుడు కొత్త షరతు పెట్టారు. అయ్యా, పాతది అప్పగించాలంటే దించాలి, దించాలంటే కొత్తది పైన ఉండాలి, మీరు కొత్తది ఇస్తే కదా అని రాశాను. దానికి జవాబేంటో తెలుసా? "మీ ఉత్తరం అందినది." అంతే!

మళ్లీ రాశాను. ఈసారి, జెండా ఆయుష్షు మూడు నెలలు కనుక వారానికే చిరిగే అవకాశం లేదని తేల్చారు. చిరిగిందని నేను భావిస్తున్నట్టయితే ఊడిపోయిన ముక్కలతో సహా పంపాలట. ఆ ముక్కలు సముద్రంలో పడ్డాయి తల్లీ. చేపల్ని బతిమాలుకోనా? మా లాంచీ ఇంజను నడిపే బాబాయి ఆ కాగితం చదివి, "వల వేసి వెతుకుదామా అమ్మా?" అని ఒకటే నవ్వు. నాకు నవ్వు రాలేదు.

వదినా, నీ గదిలో పాత ఉన్ని గుడ్డ ఉండే ఉంటుంది. నువ్వు కుట్టిన జెండా తుఫానులో కూడా నిలబడేది. నాకొకటి కుట్టి సరుకుల బోటులో పంపించవూ? రూలు కాదని తెలుసు. ఇంకో దారి లేక అడుగుతున్నాను.

ఇంకోమాట. ఇదంతా అన్నయ్యకి చెప్పకు.

నీ మరదలు


స్టోర్సు క్వార్టర్లు,
పై అంతస్తు

కెప్టెనమ్మకి వదిన ఆశీస్సులు, వాటితోపాటు రెండు మొట్టికాయలు.

అంత పొడుగు ఉత్తరం రాశావు, అన్నయ్య ఎలా ఉన్నాడని ఒక్క ముక్క అడగలేదు. పైగా ఆయనకి చెప్పొద్దని ఆజ్ఞ ఒకటి. ఏం, అన్నాచెల్లెళ్లు పోట్లాడుకున్నారా? ఆయన బ్రహ్మాండంగా ఉన్నారు. ఆఫీసులో ఆయన గది తలుపు మీద "తనిఖీ అధికారి" అని కొత్త బోర్డు వచ్చింది. రోజూ లోపలికి వెళ్లేముందు దాన్ని రుమాలుతో ఒకసారి తుడుస్తున్నారు. నేను చూడలేదనుకుంటారు.

చేపల్ని బతిమాలుకోనా అన్నదగ్గర నవ్వలేక చచ్చాను. నువ్వు ముక్కు మీద కోపంతో డెక్కు మీద అటూ ఇటూ తిరుగుతూ ఉంటావు, ఆ బాబాయి నీ వెనకాల నవ్వు ఆపుకుంటూ ఉంటాడు, నాకు కళ్లకి కట్టినట్టుంది.

కానీ జెండా ఇప్పుడు కుట్టలేనమ్మాయ్. చేతినిండా పని. మిషను కూడా మొరాయిస్తోంది. నువ్వొక పని చెయ్యి. చిరిగిన కొసని కత్తిరించేసి, రెండు మడతలు వేసి, మందపాటి దారంతో దగ్గర దగ్గరగా కుట్టు. మాస్టెక్కి అక్కడే కొసని అందుకుని కుట్టొచ్చు, దించక్కర్లేదు. మడత దగ్గర గాలి తగిలినా దారం పట్టుకుంటుంది. నీకు కుట్టు రాదని నాకు తెలుసు. నీ చొక్కా గుండీ కుట్టమంటే చొక్కాని చేతికే కుట్టేసుకున్న ఘనత నీది. ఆ బాబాయినే కుట్టమను.

కొంచెం ఓపిక పట్టు. అన్నీ అవే సర్దుకుంటాయి.

వదిన


ఔట్‌పోస్టు జెట్టీ

వదినా,

ఓపిక పట్టమన్నావు. నువ్వు! పాలవాడు పావుగంట ఆలస్యం చేస్తే వీధంతా వినపడేలా కడిగేసే నువ్వు నన్ను ఓపిక పట్టమన్నావు. ఉత్తరం నిజంగా నువ్వే రాశావా అని వెనక్కి తిప్పి చూసుకున్నాను.

నువ్వు చెప్పినట్టే మడతలు వేసి కుట్టాం. బాబాయి కుట్టు నిజంగానే పట్టుకుంది. కుట్టిన చోట బాగానే ఉంది, దాని పైన గుడ్డే నిలువునా చీలింది. ఇప్పుడు మాస్టు కొసన మూరెడు గుడ్డ మిగిలింది. దూరం నుంచి చూస్తే ఎవరో ఆరేసి మర్చిపోయిన రుమాలులా ఉంటుంది.

ఇక అసలు సంగతి విను. చేపలు గుడ్లు పెట్టే మేటలో వల వెయ్యకూడదని నిషేధం ఉంది కదా. మొన్నామధ్య తెల్లారాక అక్కడ ఒక పెద్ద ట్రాలరు సన్నకళ్ల వల లాగుతోంది. పిల్ల చేప కూడా తప్పించుకోలేని వల అది. పసుపు నలుపు గళ్ల జెండా ఎక్కించాను. వెంటనే ఆగు అని దాని అర్థం, సముద్రం మీద తిరిగే ప్రతివాడికీ తెలుసు. ట్రాలరు ఆగలేదు. హారను కొట్టాం, పక్కకి వెళ్లాం, మైకులో అరిచాను. చచ్చీచెడీ అడ్డం పెట్టి ఆపితే, దాని కెప్టెను మీసాలాయన రెయిలింగు మీద మోచేతులు ఆనించి తీరిగ్గా మా మాస్టు వైపు చూశాడు.

"ఏదమ్మా మీ తోక?" అన్నాడు.

అంతే వదినా. అతని తప్పు కళ్లెదురుగా ఉంది, వల నిండా ఉంది. కానీ నా నెత్తి మీద జెండా లేదు. విచారణలో అతను అదే చెప్పాడు: కొలువు జెండా కనపడలేదు, ఎవరో ప్రైవేటు లాంచీవాళ్లు నా మీదికి వస్తున్నారనుకున్నాను అని. ట్రాలరుని వదిలేశారు, వలతో సహా. అతను వెళ్లిపోతూ మాకు చెయ్యి కూడా ఊపాడు.

ఇప్పుడు నేరం నా మీదికి వచ్చింది. జెండా లేకుండా ఇతరుల నౌకని ఆపినందుకు నా మీద కమిటీ వేశారు. నా తప్పని తేలితే లాంచీ తీసేసుకుంటారు. పోర్టు ఆఫీసులో ఒక కుర్చీ చూపిస్తారు.

కొత్తది పంపమని సప్లైకి రాశావు సరే, గుడ్డే నాసిరకమని పైవాళ్లకి ఎందుకు రిపోర్టు చెయ్యలేదు, చేసి ఉంటే ఇవాళ కాపాడేది కదా అని నువ్వు అడుగుతావు. బాబాయి కూడా అడిగాడు. దయచేసి అడగకు.

నీ మరదలు


లైఫ్‌జాకెట్ల గోడౌను

మొండిదానికి,

పైన రాసిన అడ్రసు సరిగ్గా చూడు. తప్పు రాయలేదు. నేనిప్పుడు పని చేసేది ఇక్కడే.

మా కుట్టుగది మూసేసి చాలాకాలమైంది. నీకు చెప్పలేదు. చెప్తే నువ్వు ఆఫీసు మీదికి లాంచీ వేసుకుని వస్తావని భయం. జెండాలన్నీ బయట కాంట్రాక్టరు దగ్గర కొంటున్నారు. ఇన్నేళ్లు జెండాలు కుట్టిన నన్ను తెచ్చి, ఈ నారింజ రంగు జాకెట్ల మధ్య కూర్చోబెట్టారు. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా ఒక్కొక్కదాని బకిల్ నొక్కి చూడాలి, టక్ మంటే మంచిది, మనకపోతే చెడ్డది. ఆ టక్ టక్ నిద్రలో కూడా వినపడుతోంది. మిషను మొరాయిస్తోందని రాశాను, అసలు మిషనే లేదు. పాత ఇనుము కింద పట్టుకుపోయారు. అది పోయిన రోజు ఎవరూ చూడకుండా ఏడ్చాను. ఇప్పుడు నీకు చెప్పేశాను కాబట్టి ఇంకెవరికీ చెప్పకు.

సరే, నా ఏడుపు అటుంచు. నువ్వెందుకు రిపోర్టు చెయ్యవు? అడగకు అంటే ఊరుకుంటానా? నీ ఉద్యోగం పోతుంటే నోట్లో బెల్లం గడ్డ పెట్టుకుని కూర్చుంటావా?

నీకు తెలియని సంగతి ఒకటి నా దగ్గర ఉంది. చెప్పడానికి నోరు రాక ఇన్నాళ్లూ ఓపిక పట్టు, సర్దుకుంటుంది అని పిచ్చి కూతలు రాశాను. ఆ జెండాల్ని పాస్ చేసింది మీ అన్న.

కాంట్రాక్టరు నమూనా తెచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను, మా గది తాళంచెవి అప్పగించడానికి వెళ్లాను. మీ అన్న కుర్చీ ఎక్కారు. జెండాని అలమారా పిడికి కట్టారు. "ఫ్యాను ఫుల్లు పెట్టు" అని ప్యూనుకి చెప్పారు. జెండా రెపరెపలాడింది. ఆయన మొహం వెలిగిపోయింది.

"చూశావా, ఎంత అందంగా ఎగురుతోందో! మీ ఉన్ని గుడ్డ ఇంత తేలిగ్గా ఎగిరేదా?"

"సముద్రం మీద ఫ్యాన్లు ఉండవుగా అండీ," అన్నాను.

"గాలి ఎక్కడైనా గాలేనే," అని ముద్ర కొట్టేశారు.

లంచం తిన్నారేమోనని అనుకుంటావేమో. ఛ! ఆ కాంట్రాక్టరు ఇచ్చిన టీ కూడా తాగలేదు. ఆయనకి నిజంగానే ఆ జెండా నచ్చింది. అదే నా కడుపుమంట. దొంగ అయితే తిట్టిపారేద్దును. నమూనాని ఇంటికి కూడా తెచ్చి, గుమ్మంలో నిలబడి నాకు ఊపి మరీ చూపించారు. దాన్ని ట్రంకుపెట్టె అడుక్కి తోసేశాను.

నీ మీద కమిటీ అని తెలిసినప్పటి నుంచి ఆయన ఏమంటున్నారో తెలుసా? "ఆ ట్రాలరువాడు పచ్చి అబద్ధాలకోరు. జెండా లేకపోవడమేంటి, నేను చూసి పంపిందే కదా!" అని భోజనం దగ్గర కంచం మీద గుద్ది చెప్తున్నారు. నేను నీళ్లు నములుతూ కూర్చుంటున్నాను.

రిపోర్టు రాయి. మా ఇల్లు ఏమవుతుందోనని ఆలోచించకు. దాని సంగతి నేను చూసుకుంటాను.

వదిన


ఔట్‌పోస్టు జెట్టీ

వదినా,

నాకు తెలుసు.

మొదటి జెండా వచ్చినప్పుడే తెలుసు. తాడు కట్టే క్యాన్వాసు పట్టీ మీద తనిఖీ ముద్ర ఉంటుంది కదా. లంగరు బొమ్మ, దాని చుట్టూ వలయం, కింద పొట్టి సంతకం. ఆ సంతకం గుర్తుపట్టలేనా? చిన్నప్పుడు నా ప్రోగ్రెసు కార్డు మీద నాన్న సంతకం బదులు పెట్టింది ఆ చెయ్యే.

అందుకే రిపోర్టు రాయలేదు. అందుకే చెప్పొద్దన్నాను. నువ్వూ నేనూ ఒకే సంగతిని ఒకరికొకరం దాచుకుంటూ ఉత్తరాలు రాసుకున్నామన్నమాట. సరుకుల బోటు మోసిన చాకిరీ అంతా దండగ.

నేను ఈ కొలువులో చేరతానన్నప్పుడు ఇంట్లో ఎంత రభస అయిందో నువ్వు చూడలేదు, అప్పటికి నువ్వు మా ఇంటికి రాలేదు. ఆడపిల్లకి సముద్రమేంటని పెద్దవాళ్లందరూ నా మీద పడ్డారు. అన్నయ్య ఒక్కడే గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. "ఇది నాకంటే బాగా ఈత కొడుతుంది. ఎవరూ తీసుకెళ్లకపోతే నేను తీసుకెళ్తా" అని సైకిలు తీశాడు. దారిలో చైను ఊడిపోతే చేతులకి మసి పూసుకుని, పరీక్ష టైముకి నన్ను గేటు దగ్గర దింపాడు. ఆ మసి చేతులతోనే నా తల నిమిరాడు. నుదుటి మీద నల్లటి మచ్చతో పరీక్ష రాశాను.

అలాంటివాడి పేరు నేను కాగితం మీద రాయనా? ఆ బోర్డుని రుమాలుతో తుడుచుకుంటున్నాడని రాశావు. అది చదివాక అస్సలు రాయలేను.

కమిటీకి నా జవాబు ఇదే బోటులో పంపిస్తున్నాను. జెండా సకాలంలో మార్చుకోకపోవడం నా నిర్లక్ష్యమేనని ఒప్పుకున్నాను. లాంచీ పోతుంది. అంతేగా!

అంతేగా అని రాసేశాను కానీ నాకు ఏడుపొస్తోంది వదినా. ఈ లాంచీ అంటే నాకు ప్రాణం. పొద్దున్నే ఇంజను దగ్గి దగ్గి అందుకుంటుందే, ఆ చప్పుడు వినకుండా ఏదో కుర్చీలో కూర్చుని ఎలా బతకాలో తెలియడం లేదు. ఆ మీసాలాయన మళ్లీ ఆ మేటలోనే వల వేస్తాడు. వేస్తున్నాడని కిటికీలోంచి తెలుసుకుంటూ కూర్చుంటాను.

ఇంక దీని గురించి రాయకు. అన్నయ్యకి చెప్పావంటే నా మీద ఒట్టు.

నీ మరదలు


స్టోర్సు క్వార్టర్లు,
పై అంతస్తు

ఒట్టు పెట్టినదానికి,

నీ ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను.

నిజానికి నీ ఉత్తరం రాకముందే మొదలుపెట్టాను. నీకు ముందు ఉత్తరం పంపిన రోజునే ట్రంకుపెట్టెలోంచి ఆ నమూనా తీశాను. మేడ మీద బట్టలారేసే గడకి కట్టాను. ఇక్కడి గాలి మీ సముద్రపు గాలిలో సగం కూడా ఉండదు. అయినా చూద్దామనుకున్నాను. కిందికి వచ్చి ఇంట్లో ఫ్యాను స్విచ్చి ఆపేశాను.

"ఏంటే ఇది, ఉక్కపోస్తోంది," అన్నారు మీ అన్న.

"మేడ మీద మీ జెండా కట్టాను. అది నిలబడితే ఫ్యాను వేస్తాను. చిరిగితే మీరే చెప్పండి ఏం చెయ్యాలో," అన్నాను.

మొదట్లో పెద్ద వేళాకోళం. మేడెక్కి సెల్యూటు చేసి మరీ వచ్చేవారు. "చూశావా, చెక్కుచెదరలేదు" అని పేపరుతో విసురుకుంటూ కూర్చునేవారు. తర్వాత కొస దారాలు ఊడాయి. "కుట్టు లోపం" అన్నారు. తర్వాత మధ్యలో చీలింది. ఆ రోజు విసురుకునే పేపరు మడిచి పక్కన పెట్టేశారు. తర్వాత మేడ ఎక్కడమే మానేశారు. కానీ ఆఫీసు నుంచి వస్తూ వీధి మలుపులో ఆగి, తలెత్తి చూసి, తల దించుకుని రావడం నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. పక్కింటావిడ, "ఆ పీలిక ఏంటండీ, దిష్టికా?" అని అడిగింది. ఆయన విన్నారు.

ఒక సాయంత్రం చెమటలు కక్కుతూ కూర్చుని అడిగారు, "చెల్లి మాస్టు మీద కూడా ఇదేనా?"

నీ ఉత్తరాలన్నీ తెచ్చి ముందు పెట్టాను. చేపల్ని బతిమాలుకునే చోట ఆయనకి నవ్వు రాలేదు. మీసాలాయన మాట దగ్గర కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆఖరిది, సైకిలు సంగతి ఉన్నది, చదివి చాలాసేపు తన చేతులకేసి చూసుకున్నారు. "దానికి నా సంతకం గుర్తుందే," అన్నారు. నేను ఇన్నాళ్లూ దాచిపెట్టుకున్న తిట్లన్నీ ఎక్కడికి పోయాయో తెలియదు.

మర్నాడు ఆ పీలికని జేబులో పెట్టుకుని సూపరింటెండెంటు దగ్గరికి వెళ్లారు. జెండా చెడ్డది, పాస్ చేసింది నేను అన్నారు. ఆ మహానుభావుడు ఏమన్నాడో విను. "మీ చెల్లెలు ఆల్రెడీ ఒప్పేసుకుందయ్యా. ఫైలు పూర్తయ్యింది. నువ్వెందుకు కెలుకుతావు?"

చూశావా నీ నిర్వాకం! నువ్వు త్యాగం చెయ్యబట్టి ఈయన తప్పు ఒప్పుకుందామంటే వినే దిక్కు లేదు. ఆ గదికీ ఈ గదికీ కాళ్లరిగేలా తిరిగారు. చివరికి కమిటీ గది ముందు బెంచీ మీద బైఠాయించారు. లోపలికి పిలిచి, "ఒక కేసులో ఇద్దరు ఒప్పుకుంటే మేమేం రాసుకోవాలి? మీరిద్దరూ మాట్లాడుకుని ఎవరో ఒకరు రండి" అన్నారట. సంతలో బేరంలా ఉంది వాళ్ల వరస.

ఈయన కదల్లేదు. "ఇవి రెండు తప్పులండీ. జెండా చెడ్డది, అది నా తప్పు. చెడ్డదని తెలిసీ చెప్పలేదు, అది మా చెల్లి తప్పు. నాది ముందు జరిగింది. ముందు నాది రాసుకోండి," అని ఆ పీలికని బల్ల మీద పరిచారట.

ఏం తేలిందో ఇంకా తెలియదు. మొండితనం మీ వంశానికి ఆస్తిగా వచ్చినట్టుంది. నేను మధ్యలో దొరికిపోయాను. ఫ్యాను మాత్రం ఇంకా వెయ్యలేదు.

వదిన


ఔట్‌పోస్టు జెట్టీ,
లాంచీ మీద నుంచి

నా దర్జీ వదినకి,

పైన అడ్రసు చూడు. లాంచీ మీద నుంచే రాస్తున్నాను.

నీ ఉత్తరం చదివి నీ మీద పట్టరాని కోపం వచ్చింది. ఒట్టు గట్టు మీద పెడతావా? వారం రోజులు నీకు జవాబు రాయకూడదని ప్రతిజ్ఞ చేశాను. కమిటీ తీర్పు వచ్చాక ఆ ప్రతిజ్ఞ కూడా గట్టెక్కింది. లాంచీ నాకే ఉంచారు. లోపం తెలిసీ చెప్పనందుకు ఒక హెచ్చరిక రాశారు. ఆ హెచ్చరిక నాకు తగినదే, దానిమీద నాకు గొడవ లేదు. అన్నయ్య బోర్డు పోయిందన్న దగ్గరే ఆ కాగితం మడిచి పక్కన పెట్టేశాను. తనిఖీ నుంచి తీసేసి నీళ్ల మీద దారి చూపిస్తూ తేలే బోయాలకి రంగులు వేసే యార్డుకి పంపారట కదా. నువ్వు ఈ ముక్క రాస్తావని ఎదురుచూశాను. నువ్వు రాయలేదు, మనిషినే పంపించావు.

నిన్న సరుకుల బోటులోంచి అన్నయ్య దిగాడు. చొక్కా లోపల పొట్ట దగ్గర ఎత్తుగా ఉంటే ఏంటా అనుకున్నాను. నువ్వు పక్కింటావిడ మిషను అడిగి తెచ్చుకుని, నీ పాత చీరల పెట్టె అడుగున దాచిన ఉన్ని గుడ్డతో కుట్టిన జెండా. అన్నయ్యే గుడ్డ జారిపోకుండా పట్టుకున్నాడట, నువ్వు గంటకోసారి కసిరావట. "మీ వదిన ఇన్నాళ్లకి నాతో మాట్లాడింది, అదీ 'సరిగ్గా పట్టుకోండి' అని," అన్నాడు.

డెక్కు మీద నిలబడి మాస్టు వైపు, ఆ మూరెడు రుమాలు వైపు చూస్తూ ఉండిపోయాడు. గాలికి టోపీ ఎగిరి సముద్రంలో పడింది. తీసుకునే ప్రయత్నం కూడా చెయ్యలేదు.

"ఇది ఫ్యాను గాలి కాదే," అన్నాడు.

నేను తాడు అతని చేతిలో పెట్టాను. పాతది ఇంకా పైన ఉండగానే నీది ఎక్కించాడు. ముడి వెయ్యడానికి బాబాయి సాయం పట్టాల్సి వచ్చింది. నీ జెండా ఒక్కసారి బద్ధకంగా ముడుచుకుని, గాలి అందుకోగానే ఫట్‌మని విప్పుకుంది. ఆ చప్పుడు విని ఎన్నాళ్లయిందో! అప్పుడు పాతది దించాం. దాని పట్టీ మీద ముద్రని అన్నయ్య బొటనవేలితో ఒకసారి రుద్దాడు. తర్వాత ఆ చేత్తోనే నా తల నిమిరాడు. ఈసారి మసి లేదు, యార్డు పెయింటు ఉంది. నా నుదుటి మీద ఎర్రటి మరక ఇంకా పూర్తిగా పోలేదు. నేనే గట్టిగా కడగలేదు.

ఇక్కడితో కథ సుఖాంతమని నువ్వు అనుకుంటే మన ఆఫీసు నీకు తెలియనట్టే. సరుకుల బోటువాళ్లు వెళ్లి చెప్పారు కాబోలు, ఇవాళ పొద్దున్నే వైర్‌లెస్సులో మెమో వచ్చింది. అనుమతి లేని, కాంట్రాక్టులో లేని జెండా ఎగరేశానట. వెంటనే దించి స్టోర్సుకి అప్పగించాలట. చదవగానే మళ్లీ ఒళ్లు మండింది. కాగితం నలిపి విసరబోయాను. బాబాయి చెయ్యి పట్టుకుని ఆపి, "అమ్మా, కొత్తది పైకెళ్లకుండా ఉన్నది దించే రూలు మనకి ఉందా?" అన్నాడు.

లేదు. ఎక్కడా లేదు.

ఆ కాంట్రాక్టు రద్దయింది, స్టోర్సులో ఒక్క జెండా కూడా లేదు, కొత్త కాంట్రాక్టుకి వాళ్లకి ఎన్నాళ్లు పడుతుందో దేవుడికే తెలియాలి. నేను జవాబు పంపేశాను: కొత్తది పంపండి, అది పైకెళ్లిన మరుక్షణం పాతది దించి అప్పగిస్తాను, ఊడిన ముక్కలేమైనా ఉంటే వాటితో సహా. ఇంతకుముందు నా పీక పట్టుకున్న రూలే ఇప్పుడు నీ జెండాని పట్టుకుని ఉంది. మధ్యాహ్నం వాళ్ల జవాబు కూడా వచ్చింది. "మీ ఉత్తరం అందినది."

సాయంత్రం మేట వైపు వెళ్లాం. మీసాలాయన ట్రాలరు అక్కడే ఉంది. గళ్ల జెండా ఎక్కించాను. అతను రెయిలింగు దగ్గరికి వచ్చి, తలెత్తి పైకి చూశాడు. చాలాసేపే చూశాడు. తర్వాత ఇంజను ఆపాడు.

అన్నయ్య రేపటి బోటుకి ఇంటికి వస్తున్నాడు. ఇంక ఫ్యాను వెయ్యి వదినా, పాపం.

నీ మరదలు